వేట నిషేధం రోజుల్లో బావ పికప్‌కి కొత్త వైరింగ్

ఏప్రిల్ మూడో వారం

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట బంద్. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోట్లన్నీ కట్టేసి ఉంటాయి. చేపల లోడు ఉండదు కాబట్టి మా బావ పికప్ కూడా ఇంటి ముందే ఉంటుంది. మామూలు రోజుల్లో ఆ బండిని ఒక్క పూట ఆపమన్నా ఆపడు. తెల్లారకముందే వేలం పాట ముగియగానే ఐసు పెట్టెలు ఎక్కించుకుని అనకాపల్లి, చోడవరం వెళ్తాడు. ఒక్కోసారి మాడుగుల మీదుగా పాడేరు ఘాట్ కూడా ఎక్కుతాడు. అందుకే వైరింగ్ పని మొత్తం ఈ రెండు నెలల్లోనే పూర్తి చేయాలని సంక్రాంతికే మాట తీసుకున్నాను.

సమస్య ఏమిటంటే, హెడ్‌లైట్లు వేసిన అరగంటకు డ్యాష్‌బోర్డు కింద నుంచి ప్లాస్టిక్ కాలిన వాసన వస్తోంది. కాసేపటికి లైట్లు మసకబారతాయి. గతుకులో పడితే ఒక్కోసారి పూర్తిగా ఆరిపోయి, మళ్లీ వాటంతట అవే వెలుగుతాయి. ఘాట్ రోడ్డులో మలుపు తిరుగుతుండగా ఇలా జరిగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. మా అక్కకు ఈ బండి రాత్రి బయల్దేరిందంటే చాలు, టెన్షన్. ఇంతకుముందు ఒక వర్క్‌షాప్‌లో చూపిస్తే ఫ్యూజు మార్చి పంపేశారు. వారం తిరక్కుండా వాసన మళ్లీ మొదలైంది.

బ్యాటరీ నెగటివ్ తీసి పక్కన పెట్టి ఫ్యూజు బాక్సు మూత ఊడదీశాను. నెగటివే ముందు ఎందుకంటే, పాజిటివ్ విప్పుతున్నప్పుడు స్పానర్ బాడీకి తగిలినా నిప్పురవ్వలు రాకూడదు. బిగించేటప్పుడు నెగటివ్ చివర.

మూత మీద హెడ్‌లైట్ గడిలో 20 అని ఉంది. గడిలో ఉన్నది పచ్చ ఫ్యూజు, అంటే 30 ఆంపియర్లది. బ్లేడ్ ఫ్యూజుల్లో ఎరుపు 10, నీలం 15, పసుపు 20, రంగులేనిది 25, పచ్చ 30. ఎవరో పసుపు తీసి పచ్చ పెట్టారు. దాన్ని లాగితే సులువుగా రాలేదు. ఒక కాలు వైపు ప్లాస్టిక్ మెత్తబడి కిందికి జారి, క్లిప్పుకు అతుక్కుపోయి ఉంది. ఆ కాలు మీద లోహం నీలంగా, అంచున నల్లగా మారింది. రెండో కాలు మాత్రం కొత్తగా మెరుస్తోంది. వెలుతురుకు పెట్టి చూస్తే మధ్యలోని సన్నని తీగ చెక్కుచెదరలేదు. క్లిప్పు వెనక నుంచి వచ్చే వైరు తొడుగు రెండంగుళాల మేర గట్టిపడిపోయింది. వేలితో వంచితే పెళ్లున విరిగింది.

బావ పక్కనే కూర్చుని చూస్తూ, "ఫ్యూజు ఎగరలేదు కదా బామ్మర్దీ, మరి వాసన ఏటి?" అన్నాడు.

ఈ పని మొత్తం ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది, అందుకే జవాబు ఇక్కడే రాసుకుంటున్నాను. ఫ్యూజులోని తీగ తనలోంచి పారే కరెంటు మోతాదు దాటితేనే కరుగుతుంది. కాలు క్లిప్పులో వదులుగా కూర్చుని అక్కడ వేడి పుడితే, ఆ సంగతి ఫ్యూజుకు పెద్దగా పట్టదు. 25 ఆంపియర్లు పారుతున్న లైనులో ఒక వదులు అతుకు దగ్గర 0.4 వోల్టులు పోతే, అక్కడ పుట్టే వేడి 10 వాట్లు. మనం వాడే చిన్న సాల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. దాదాపు దాంట్లో సగం వేడిని గోరంత ప్లాస్టిక్ గడిలో పెట్టి రాత్రంతా తిరిగినట్టు. పైగా వేడికి క్లిప్పు స్ప్రింగు పట్టు సడలుతుంది. సడలితే అతుకు ఇంకా బలహీనమై మరింత వేడెక్కుతుంది. ఇక ఆగదు. ఫ్యూజు మార్చినా వారానికే వాసన తిరిగి రావడానికి కారణం ఇదే. కొత్త ఫ్యూజును పాత క్లిప్పులోనే పెట్టారు.

అదే వారం, ఆదివారం

లోడు లెక్క వేశాను. కంపెనీ నుంచి వచ్చిన హెచ్4 బల్బులు 60/55 వాట్లవి, అంటే హై బీమ్‌కు 60, డిమ్‌కు 55. డిమ్ వేస్తే రెండూ కలిపి 110 వాట్లు, 12 వోల్టుల దగ్గర సుమారు 9 ఆంపియర్లు. డిప్పర్ (హై బీమ్) ఎత్తితే 10. ఈ లెక్కకు 20 ఆంపియర్ల ఫ్యూజు హాయిగా సరిపోతుంది.

ఇప్పుడు బండిలో ఉన్నవి 100/90 వాట్లవి. హై బీమ్ మీద రెండు బల్బులకే 17 ఆంపియర్ల దాకా పోతుంది. ఇంజను నడుస్తుంటే డైనమో ఇచ్చే వోల్టేజీకి ఇంకొంచెం ఎక్కువే. వీటికి తోడు బంపర్ మీద రెండు 55 వాట్ల ఫాగ్ ల్యాంపులున్నాయి. వాటి వైరును హెడ్‌లైట్ లైనుకే మెలేసి టేపు చుట్టారు. అన్నీ వేస్తే 26 ఆంపియర్లకు అటూ ఇటూ. 20 ఫ్యూజు ఎగరడం దాని ధర్మం. అది ఎగిరిందని 30 పెట్టారు.

ఫ్యూజు ఉన్నది బల్బును కాపాడటానికి అని చాలామంది అనుకుంటారు. అది కాపాడేది వైరును. 20 ఆంపియర్లకు తగ్గట్టు కంపెనీ వేసిన వైరు మీద 30 ఫ్యూజు పెడితే, ఆ లైను మొత్తంలో ముందు కరిగేది వైరు తొడుగే అవుతుంది. తొడుగు కరిగితే పక్క వైరు, ఆ పక్కన సీటు కింద పరిచిన గోనె.

ఇంకో సంగతి. 20 అని రాసి ఉన్నంత మాత్రాన 21 దగ్గర ఠక్కున ఎగరదు. బ్లేడ్ ఫ్యూజుల ప్రమాణం ప్రకారం 110 శాతం లోడు, అంటే 22 ఆంపియర్లు, 100 గంటలైనా మోయాలి. 135 శాతం దగ్గర, అంటే 27 ఆంపియర్లకు, సెకను లోపే పోవచ్చు, పది నిమిషాలైనా పట్టొచ్చు. 200 శాతం దగ్గర మాత్రం 5 సెకన్లు దాటకూడదు. కాబట్టి ఫ్యూజు అంచు మీద లోడు పెట్టి "ఎగరడం లేదుగా" అనుకోవడం సరికాదు. ఎడతెగకుండా మోసే లోడు ఫ్యూజు అంకెలో ముప్పాతిక దాటకుండా చూసుకోవాలి. 10 ఆంపియర్ల లోడుకు 15 ఫ్యూజు అలా వచ్చిందే.

ఏప్రిల్ చివర

కొలతల రోజు. దీన్ని కాస్త వివరంగా రాస్తాను. మన దగ్గర మెకానిక్కులు చాలామంది టెస్ట్ ల్యాంపు పెట్టి, వెలిగితే "కరెంటు వస్తోంది" అని వదిలేస్తారు. ఆ ల్యాంపులోని చిన్న బల్బు వెలగడానికి చాలా కొద్ది కరెంటు చాలు. అంత కొద్ది కరెంటుకు చెడ్డ అతుకు కూడా మంచిగానే కనిపిస్తుంది. దాని గుట్టు తెలియాలంటే అసలు లోడు మీద చూడాలి.

ఇంజను స్టార్ట్ చేసి, అన్ని లైట్లూ వేసి, మల్టీమీటర్‌ను డీసీ వోల్టుల మీద పెట్టాను. ఎర్ర ప్రోబు బ్యాటరీ పాజిటివ్ మీద, నల్ల ప్రోబు బల్బు కప్లర్‌లోని (వైర్లను కలిపే ప్లాస్టిక్ సాకెట్) పాజిటివ్ పిన్ను మీద. రెండూ ఒకే లైనుకు రెండు చివరలు. మధ్యలో ఏమీ పోకపోతే మీటరు సున్నాకు దగ్గరగా చూపాలి. చూపినంతా దారిలో వేడిగా పోతున్నదే. తర్వాత నల్ల ప్రోబును ఒక్కో అతుకు వెనక్కి జరుపుకుంటూ వచ్చాను.

బ్యాటరీ దగ్గర 13.8 వోల్టులు. బల్బు పిన్నుల మధ్య 11.2. అంటే 2.6 వోల్టులు దారిలోనే పోతున్నాయి. ఫ్యూజు క్లిప్పు దగ్గర 0.4, లైటు స్విచ్చు లోపల 0.8, వైరు పొడవునా 0.7, మిగతా 0.7 ఎర్త్ వైపు. ఈ చివరిదే బావను ఆశ్చర్యపరిచింది. పాజిటివ్ గురించి అందరూ వెతుకుతారు. కరెంటు తిరిగి వెళ్లే దారి గురించి ఎవరూ ఆలోచించరు. బాడీ ఎర్త్ బోల్టు కింద పెయింటు, తుప్పు, ఉప్పు పేరుకుని ఉంటే అదీ ఒక చెడ్డ అతుకే.

హాలోజన్ బల్బుకు వోల్టేజీ 10 శాతం తగ్గితే వెలుతురు దాదాపు 30 శాతం పడిపోతుంది. బావ 100 వాట్ల బల్బులు వేయించింది వెలుతురు చాలక. చాలకపోవడానికి కారణం వైరింగ్. ఎక్కువ వాట్ల బల్బు పెడితే కరెంటు పెరిగి, దారిలో నష్టం ఇంకా పెరిగింది. డబ్బు పెట్టి కొన్న వెలుతురు ఫ్యూజు బాక్సులో వేడిగా మారింది. ఇది చెప్పినప్పుడు బావ చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత, "అయితే పాత బల్బులే పెట్టేద్దాం" అన్నాడు. అక్కడితో ప్లాను ఖాయమైంది.

మే మొదటి వారం, గాజువాక ఆటోనగర్

సామాను కొనడానికి వెళ్లాం. 4 స్క్వేర్ ఎమ్ఎమ్, 2.5, 1.5 వైర్లు, నాలుగు పిన్నుల రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చులు), మూత ఉన్న చిన్న ఫ్యూజు బాక్సు, వైరు చివర బిగించే థింబుల్స్, లోపల జిగురుండి వేడికి ముడుచుకునే ష్రింక్ స్లీవులు, గీతల గొట్టం, రేకు రంధ్రాల్లో వేసే రబ్బరు గ్రోమెట్లు. తగరం పూత ఉన్న రాగి వైరు కోసం చాలా దుకాణాలు తిరిగి, కొంత మేర సంపాదించాం. ఉప్పుగాలికి మామూలు రాగి, తొడుగు లోపల ఉన్నా నల్లబడుతుంది. వెనక లైట్ల వరకైనా పూత ఉన్నది వేయాలని నా పట్టుదల.

అక్కడ ముప్పై ఏళ్లకు పైగా లారీ వైరింగ్ చేస్తున్న ఒక మేస్త్రి గారిని కలిశాం. కరిగిన క్లిప్పు చూపిస్తే చేతిలోకి తీసుకుని, "నోస్ ప్లయర్‌తో నొక్కి మళ్లీ వాడాలని చూడకు బాబూ. ఒకసారి నీలం తిరిగిన స్ప్రింగుకు మళ్లీ బిగువు రాదు. కోసి పారేయ్" అన్నారు. సాల్డరింగ్ మీద కూడా ఆయన మాట సూటిగా ఉంది. బండిలో అదిరే చోట సాల్డర్ వద్దు, క్రింపింగే (థింబుల్‌ను వైరు మీద నొక్కి బిగించడం) మేలు. సాల్డర్ పోగుల్లోకి పాకి వైరును కడ్డీలా గట్టిపరుస్తుంది. గట్టి భాగం ముగిసి మెత్తని భాగం మొదలయ్యే చోట అదురుకు పోగులు తెగుతాయి. క్రింపింగ్ కూడా పళ్లున్న అసలు టూలుతోనే చేయాలి, కటింగ్ ప్లయర్‌తో నొక్కితే కుదరదు. తన టూలు మాకు వారం రోజులకు ఇచ్చారు. ఆ మనిషికి రుణపడి ఉన్నాం.

ఫ్యూజులు రెండు రకాలు కొన్నాను. పేరున్నవి కొన్ని, డబ్బాలో కలగలుపుగా అమ్మే చౌకవి కొన్ని. చౌకవి బండిలో వేయడానికి కాదు, పరీక్షకు.

మరుసటి రోజు సాయంత్రం

పరీక్ష పెట్టాం. పెరట్లో సిమెంటు గచ్చు మీద, పాత బ్యాటరీతో, పక్కన బకెట్ ఇసుక పెట్టుకుని. మూలన పడేసిన పాత 60/55 బల్బులు రెండు తీసుకుని, రెండింటిలోనూ రెండేసి ఫిలమెంట్లు ఒకేసారి వెలిగేలా కట్టాను. మొత్తం లోడు 20 ఆంపియర్లకు దగ్గరగా ఉంటుంది. మధ్యలో 10 ఫ్యూజు. అంటే 200 శాతం. మంచి ఫ్యూజు 5 సెకన్లలోపు పోవాలి.

పేరున్న ఫ్యూజు బల్బులు పూర్తి వెలుగుకు వచ్చాక రెండు అంకెలు లెక్కపెట్టేలోపే పోయింది. చప్పుడు కూడా లేదు. తీగ మధ్యలో చిన్న ఖాళీ, అంతే.

చౌక ఫ్యూజు పోలేదు. బల్బులు వెలుగుతూనే ఉన్నాయి. పదిహేను సెకన్లు దాటాక ఎర్ర ప్లాస్టిక్ పైభాగం మెరుపు కోల్పోయి, మధ్యలో చిన్న బుడగ లేచింది. తీగ ఒకవైపుకు వంగడం కనిపిస్తోంది గానీ తెగడం లేదు. వాసన రాగానే బావే క్లిప్పు లాగేశాడు. ఆ వాసన తనకు బాగా తెలుసన్నాడు. క్యాబిన్‌లో వచ్చేది సరిగ్గా అదే.

దీన్ని ఎవరైనా ఇంట్లో చేయాలనుకుంటే ఒక మాట. వైర్లు కనీసం 2.5 స్క్వేర్ ఎమ్ఎమ్ ఉండాలి, బల్బు గాజును చేత్తో ముట్టకూడదు, పిల్లలు దగ్గర ఉండకూడదు. అంత శ్రమ ఎందుకనుకుంటే నమ్మకమైన చోట పేరున్న ఫ్యూజులు కొనుక్కుంటే చాలు. ఫ్యూజు మీద మిగిలే డబ్బు టీ ఖర్చుకు కూడా రాదు.

మే రెండో వారం

వెనక భాగం. నా దృష్టిలో ఈ బండిలో అన్నిటికన్నా దెబ్బతిన్న చోటు ఇదే.

బ్రేకు తొక్కితే ఎడమ ఇండికేటర్ మసగ్గా వెలుగుతోందని బావ ఎప్పటి నుంచో అంటున్నాడు. బల్బు మార్చారు, ఫ్లాషర్ మార్చారు, పోలేదు. ఇది ఎర్త్ జబ్బుకు ఖాయమైన గుర్తు. బ్రేకు లైటు కరెంటుకు తన ఎర్త్ దారి మూసుకుపోతే, పక్కనున్న ఇండికేటర్ ఫిలమెంట్ గుండా దారి వెతుక్కుంటుంది.

బండి కిందికి దూరి చూశాను. చేపల పెట్టెల్లోంచి ఐసు కరిగిన నీళ్లు బాడీ చెక్కల సందుల్లోంచి కారి, నేరుగా ఛాసిస్ మీద ఎర్త్ బోల్టు మీద పడుతున్నాయి. ఉప్పు నీళ్లు, చేప జిగురు, దుమ్ము కలిసి అక్కడ ఒక గట్టి పెచ్చు కట్టింది. దాన్ని స్క్రూడ్రైవర్‌తో లేపితే కింద ఆకుపచ్చని పొడి. థింబుల్ రింగు సగం తినేసి ఉంది. వైరును అంగుళం కోసి చూస్తే రాగి నల్లగా ఉంది. ఇంకో అంగుళం కోశాను, ఇంకా నలుపే. తొడుగు లోపలి పోగుల సందుల్లోంచి నీళ్లు పైకి పాకుతాయి. బయట నుంచి చూస్తే కొత్త వైరులాగే ఉంటుంది. ఎర్రగా మెరిసే రాగి తగిలేదాకా కోసుకుంటూ పోతే జానెడుకు పైగా పోయింది. నల్ల రాగి మీద కొత్త థింబుల్ నొక్కితే ఎంత గట్టిగా నొక్కినా ప్రయోజనం ఉండదు.

బోల్టు చోటును మార్చాం. నీళ్లు కారని వైపు, ఛాసిస్ లోపలి అంచున కొత్త రంధ్రం వేసి, చుట్టూ రూపాయి బిళ్లంత మేర పెయింటు గీకి ఎమరీ పేపర్‌తో మెరిపించి, పళ్ల వాషర్ వేసి బిగించాను. బిగించాక పైన పెట్రోలియం జెల్లీ దట్టంగా పూశాను. వరస ముఖ్యం. లోహానికి లోహం తగిలి బిగిసిన తర్వాతే పూత. అంతటితో ఆగకుండా వెనక లైట్ల ఎర్త్‌ను తగరం పూత వైరుతో నేరుగా ముందుకు తెచ్చి బ్యాటరీ నెగటివ్‌కు కలిపాను. ఛాసిస్ ఎంత తుప్పు పట్టినా ఇక దానితో పని లేదు.

కప్లర్లలో నీళ్లు పోకుండా సిలికాన్ దట్టించమని ఒక స్నేహితుడి సలహా. పుల్లటి వెనిగర్ వాసన వచ్చే రకం సిలికాన్ ఎండేటప్పుడు ఎసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది, అది రాగిని తినేస్తుంది. కాబట్టి అది వాడలేదు. డైఎలక్ట్రిక్ గ్రీజు పూసి, కప్లర్లను నోరు కిందికి ఉండేలా కట్టాను. ప్రతి వైరూ కప్లర్‌లోకి వెళ్లే ముందు కొంచెం కిందికి వేలాడి పైకి లేచేలా వంపు ఇచ్చాను, నీళ్లు వంపు దగ్గరే కారిపోతాయి.

టేపు చుట్టిన మెలిక అతుకులు దారి పొడవునా కనిపించాయి. విశాఖ ఎండకు టేపు జిగురు కరిగి కారి, దుమ్ము పట్టి, లోపల తడి నిలిచి ఉంది. అన్నీ కోసి క్రింపు చేసి జిగురు స్లీవు వేశాను. ఈ ఒక్క పనికే చాలా సాయంత్రాలు పట్టాయి.

మే మూడో వారం

హెడ్‌లైట్ల రిలే లైను. పాత పద్ధతిలో లైట్ల కరెంటంతా క్యాబిన్‌లోకి వచ్చి, స్విచ్చులోంచి దాటి, తిరిగి ముందుకు వెళ్లేది. ఇప్పుడు బ్యాటరీ నుంచి 4 స్క్వేర్ ఎమ్ఎమ్ వైరు నేరుగా లైట్ల వెనక పెట్టిన రిలేలకు వెళ్తుంది. స్విచ్చు చేసేదల్లా రిలే కాయిల్‌కు కరెంటు ఇవ్వడం, అది 0.2 ఆంపియర్ల లోపే. స్విచ్చులో పోయే 0.8 వోల్టుల గొడవ దీంతో తీరిపోతుంది.

కనెక్షను సులువే. రిలే పిన్నుల అంకెల్లో 30కి ఫ్యూజు దాటి వచ్చిన బ్యాటరీ వైరు, 87 నుంచి బల్బుకు, 86కి పాత హెడ్‌లైట్ వైరు, 85 ఎర్త్‌కు. డిమ్‌కు ఒక రిలే, డిప్పర్‌కు ఒకటి. దేని ఫ్యూజు దానిదే, రెండూ 15 ఆంపియర్లవి. ఒక ఫ్యూజు పోయినా రెండో బీమ్ మిగలాలి, ఘాట్‌లో ఒకేసారి చీకటి కాకూడదు. అందుకే వేరువేరుగా పెట్టాను.

ఫ్యూజును బ్యాటరీకి జానెడు దూరంలోపే పెట్టాను. ఫ్యూజు దాటిన వైరుకే రక్షణ. బ్యాటరీకీ ఫ్యూజుకీ మధ్యనున్న ముక్క ఎక్కడైనా బాడీకి రాసుకుంటే దాన్ని ఆపేది ఏదీ ఉండదు. రిలేలను పిన్నులు కిందికి ఉండేలా, రేడియేటర్ వేడి తగలని చోట బిగించాం.

ఫాగ్ ల్యాంపులకు విడిగా మూడో రిలే, దానికో 15 ఫ్యూజు. క్యాబిన్ ఫ్యాను, పాటల సెట్టు, ఫోన్ ఛార్జర్, వెనక లోడు దింపేటప్పుడు వేసే లైటు, ఇవన్నీ ఇంతకుముందు చేతికందిన వైరుకల్లా అతికించి ఉన్నాయి. వాటన్నిటినీ కొత్త చిన్న ఫ్యూజు బాక్సులోకి తెచ్చి, దాని మూత లోపల ఏ గడి దేనిదో తెలుగులో రాసి అతికించాను. బావ చేతిరాతతోనే. రేపు దారిలో చూసుకోవాల్సింది ఆయనే కదా.

బల్బులు మళ్లీ 60/55.

మే చివర

హారన్ లైను చూస్తుంటే ఒక చోట గుండె ఆగినంత పనైంది. ఇంజను గది నుంచి క్యాబిన్‌లోకి వైర్లు దూరే రంధ్రంలో రబ్బరు గ్రోమెట్ లేదు. రేకు అంచు వైరు తొడుగును కోసి రాగిదాకా వచ్చింది. ఇంకో వర్షాకాలం ఆగి ఉంటే షార్ట్ అయ్యేది. ఇలాంటి చోటే ఫ్యూజు నిజంగా ప్రాణాలు కాపాడేది, అదీ సరైన అంకె ఉంటేనే. వైరు మార్చి, గ్రోమెట్ వేసి, గీతల గొట్టం తొడిగాను.

బ్యాటరీ మీది మెయిన్ ఫ్యూజు బోల్టులు చేత్తోనే కదిలాయి. విప్పి, రుద్ది, బిగించాను. డైనమో నుంచి వచ్చే కరెంటంతా ఆ రెండు నట్ల గుండానే పోతుంది.

నెగటివ్ మీద చేత్తో తిప్పే కటాఫ్ స్విచ్చు కూడా పెట్టాం. వాసన వస్తే ముందు బండి పక్కకు ఆపి ఇంజను ఆపెయ్యాలి, ఆ వెంటనే ఇది తిప్పాలి, పొగ కనిపిస్తే దిగిపోవాలి. సీటు వెనక ఏబీసీ పౌడర్ రకం ఆర్పే సిలిండర్ ఒకటి బిగించాం. అక్కకు కూడా దాన్ని వాడటం చూపించాను.

జూన్ మొదటి వారం

మళ్లీ కొలతలు. అదే మీటరు, అదే పద్ధతి, ఇంజను నడుస్తూ హై బీమ్ మీద. బ్యాటరీ దగ్గర 13.8, బల్బు దగ్గర 13.4. దారిలో పోయేది 2.6 నుంచి 0.4కు వచ్చింది. అరగంట వెలిగించి ఉంచి కొత్త ఫ్యూజుల మీద వేలు పెట్టి చూశాను, గోరువెచ్చగా ఉన్నాయంతే. పాత బాక్సులో ఆ గడి ఇప్పుడు ఖాళీ.

చీకటి పడ్డాక మధురవాడ దాటి హైవే మీద కొంత దూరం తిప్పాం. 60 వాట్ల బల్బులతో రోడ్డు అంచు తెల్లగీత మునుపటి కన్నా దూరం నుంచి కనిపిస్తోంది. ఎదురొచ్చే బండ్ల వాళ్లు డిప్పర్ కొట్టడం లేదు, అది కూడా బావ గమనించాడు. బ్రేకు తొక్కితే ఇండికేటర్ ఇక వెలగడం లేదు.

జూన్ మూడో వారం

నిషేధం ముగిసి బోట్లు కదిలాయి, హార్బర్‌లో మళ్లీ సందడి. బావ మొదటి లోడు కానాగంతలు, కవ్వళ్లు. అనకాపల్లి వెళ్లొచ్చాక వర్షంలో తడిసిన బండినే నా దగ్గరికి తెచ్చాడు, చూడమని. వెనక ఎర్త్ బోల్టు మీద జెల్లీ అలాగే ఉంది, నీటి బొట్లు దాని మీద నిలిచి జారిపోతున్నాయి. కప్లర్ల లోపల పొడిగా ఉంది.

ఒక్కటి మాత్రం ఇంకా కుదరలేదు. లోడు దించాక హార్బర్‌లో కుర్రాళ్లు పైపుతో గట్టిగా నీళ్లు కొట్టి బండి కడుగుతారు. ఆ ధాటికి ముందున్న రిలే బాక్సు మూత అంచున తడి చేరింది. లోపలికి రాలేదు గానీ వచ్చే అవకాశం ఉంది. బాక్సుకు పైన రేకు గొడుగు ఒకటి చేయించాలి, ఇంజను గది వైపు పైపు పెట్టొద్దని కుర్రాళ్లకు బావ చెప్పాలి. అవసరమైన రేకు కొలతలు తీసుకున్నాను, వచ్చే ఆదివారం బిగిస్తాం. వెనక లైట్లలో కుడి వైపు కప్లర్ మాత్రం పాతదే, పిన్నులు కొంచెం వదులుగా ఉన్నాయి, దానికి సరిపడే కొత్తది ఆటోనగర్ మేస్త్రి గారు తెప్పిస్తానన్నారు. అది వచ్చేదాకా వారానికోసారి మీటరు పెట్టి చూస్తున్నాను. ప్రస్తుతానికి అక్కడ పోతున్నది 0.1 వోల్టు.